ప్రాణహిత–గోదావరి లోయలో బావి లాగింగ్: బొగ్గు అన్వేషణ నుంచి సహజవాయు మూల్యాంకనం వరకు

వ్యాససంగ్రహం:

భూమిలోకి దింపిన పరికరంతో శిలల భౌతిక ధర్మాలను లోతు వారీగా నమోదు చేయడాన్ని బావి లాగింగ్ అంటారు. చమురు, సహజవాయువుల డ్రిల్లింగ్ ఫలితాన్ని అంచనా వేయడానికి ఇది ప్రధాన సాధనం. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బొగ్గు అన్వేషణలోనూ ఇదే పద్ధతి వాడుకలో ఉంది. ఈ రెండు జిల్లాల బొగ్గుకు సమకాలికమైన శిలలు ఆగ్నేయ దిశగా తీరం కింద లోతుగా కూరుకుపోయి, అక్కడ సహజవాయువుకు మూలమయ్యాయి. లాగ్‌లో కనిపించే ఒకే రకమైన సూచన ఈ రెండు చోట్లా ఒకే అర్థం ఇవ్వదని, స్థానిక శిలల, నీటి స్వభావం తెలియకుండా చేసే పఠనం తప్పుదారి పట్టిస్తుందని ఈ వ్యాసం ఉదాహరణలతో వివరిస్తుంది.

కీలకపదాలు: బావి లాగింగ్, గోండ్వానా శిలలు, బరాకర్, సింగరేణి, మండపేట, సచ్ఛిద్రత, విద్యుత్ నిరోధకత.

1. ఉపోద్ఘాతం

ఉత్తర తెలంగాణలో బొగ్గు గనిని జనం ‘బాయి’ అంటారు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ కార్మికవాడల్లో ‘బాయి పని’, ‘బాయికి పోవుడు’ నిత్యవ్యవహారపు మాటలు. నీళ్ళ కోసం తవ్వినదీ బాయే, బొగ్గు కోసం తవ్వినదీ బాయే. ఆంగ్లంలోనూ చమురు కోసం వేసిన రంధ్రానికి నీటి బావి పేరే పెట్టుకున్నారు. పేరు ఒకటే అయినా వీటి మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. బొగ్గు బాయిలోకి మనిషి దిగి పొరను కళ్ళారా చూడగలడు. జానెడు వెడల్పు కూడా లేని అన్వేషణ బోరులోకి, కిలోమీటర్ల లోతున్న చమురు బావిలోకి దిగలేడు. అక్కడ ఏముందో తెలుసుకోవడానికి ఆధారాలు రెండు: పైకి తీసిన రాతి ముక్కలు, లోపలికి దింపిన పరికరం గీసిన గీతలు. ఆ గీతలే లాగ్.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో చమురు గానీ సహజవాయువు గానీ ఉత్పత్తి చేసే బావులు లేవు. దేశంలోని 26 అవక్షేప బేసిన్లలో ప్రాణహిత–గోదావరి బేసిన్‌ను పాత వర్గీకరణ నాలుగో తరగతిలో, అంటే చమురు అవకాశం తేలని వాటిలో చేర్చింది. అయినా లాగింగ్‌ను అర్థం చేసుకోవడానికి ఈ నేల ఎంతో అనువైనది. ఇక్కడ దశాబ్దాలుగా బొగ్గు కోసం బోర్లు వేసి లాగ్ చేస్తున్నారు. ఆ లాగ్‌లకు, గోదావరి డెల్టాలోని గ్యాసు బావుల లాగ్‌లకు మధ్య శిలాసంబంధమైన చుట్టరికం ఉంది.

2. నేల చరిత్ర

1871లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గును గుర్తించాడు. తవ్వకం 1889లో మొదలైంది. అప్పటి హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీగా మారింది. బెల్లంపల్లి గనులు 1920ల చివరలో, రామగుండం గనులు 1960లలో వచ్చాయి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనతో గోదావరిఖని పెద్దపల్లి జిల్లాలోకి, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ మంచిర్యాల జిల్లాలోకి వచ్చాయి. అన్వేషణ నివేదికల్లో పాత జిల్లాల పేర్లే ఉంటాయి కాబట్టి ఈ వ్యాసంలోనూ వాటినే వాడటమైంది.

వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగే ఈ లోయలో గోండ్వానా శిలలు ఒక వరుసలో పేరుకున్నాయి. అట్టడుగున తాల్చిర్, దానిపైన బొగ్గు పొరలున్న బరాకర్, ఆపైన బొగ్గు లేని బ్యారెన్ మెజర్స్, తరువాత కామ్తీ, మలేరి, కోట శిలాసముదాయాలు వస్తాయి. ఆసిఫాబాద్ ప్రాంతపు మలేరి గ్రామం ప్రపంచ భూవిజ్ఞాన గ్రంథాల్లోకి ఎక్కింది ఈ వరుస వల్లనే. కోట శిలల్లో యామన్‌పల్లి వద్ద దొరికిన రాక్షసబల్లికి ఊరి పేరే శాస్త్రీయనామంలో భాగమైంది. దాని అస్థిపంజరం నేడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. లాగింగ్‌కు కావలసింది మాత్రం ఆ రాక్షసబల్లి నడిచిన నేలకు ఎంతో అడుగున ఉన్న బరాకర్. దాదాపు ఇరవై ఎనిమిది కోట్ల ఏళ్ళ కిందటి పెర్మియన్ కాలపు నదులు, చిత్తడి అడవులు మిగిల్చిన ఇసుకరాళ్ళు, షేళ్ళు, బొగ్గు అందులో ఉన్నాయి.

3. లాగింగ్ పుట్టుక, పద్ధతి

ఫ్రాన్సులోని అల్సాస్ ప్రాంతంలో పెషెల్‌బ్రాన్ చమురు క్షేత్రం ఉంది. 1927 సెప్టెంబరు 5న అక్కడి ఒక బావిలో ష్లంబర్జర్ సోదరుల బృందం మొదటి విద్యుత్ లాగ్‌ను నమోదు చేసింది. పరికరాన్ని మీటరు మీటరుకు ఆపి, విద్యుత్ నిరోధకతను కొలిచి, ఆ సంఖ్యలను చేత్తో కాగితంపై గుర్తించారు. తొలినాళ్ళలో వారు దీనికి పెట్టుకున్న పేరుకు ‘విద్యుత్ కోరింగ్’ అని అర్థం. రాతి కడ్డీని, అంటే కోరును, తీయకుండానే కోరు ఇచ్చే సమాచారాన్ని పొందవచ్చన్న ఆశ ఆ పేరులో ఉంది. ఆ ఆశ పూర్తిగా నెరవేరలేదు.

నేటి పద్ధతిలో బోరు వేయడం పూర్తయ్యాక పొడవాటి గొట్టం లాంటి పరికరాన్ని విద్యుత్ తీగ గల కేబుల్‌తో అడుగు వరకూ దింపుతారు. కొలతలు ఎక్కువగా పైకి లాగేటప్పుడే తీస్తారు. అప్పుడు కేబుల్ బిగుతుగా ఉండి లోతు లెక్క తప్పదు.

గామా లాగ్ రాతిలోని సహజ రేడియోధార్మికతను కొలుస్తుంది. పొటాషియం, థోరియం, యురేనియం మట్టిఖనిజాల్లో ఎక్కువ కాబట్టి షేల్ దగ్గర గీత పెరిగి, శుభ్రమైన ఇసుకరాయి దగ్గర తగ్గుతుంది. సాంద్రత లాగ్‌లో సీసియం–137 నుంచి వెలువడే గామా కిరణాలు రాతిని తాకి చెదరుతాయి. తిరిగి వచ్చే కిరణాల లెక్కను బట్టి సాంద్రత తెలుస్తుంది. న్యూట్రాన్ లాగ్ ప్రధానంగా హైడ్రోజన్ ఎంత ఉందో చెబుతుంది. రాతిలో హైడ్రోజన్ ఎక్కువగా రంధ్రాల్లోని నీటిలోనో నూనెలోనో ఉంటుంది కాబట్టి దాన్ని సచ్ఛిద్రతగా చదువుతారు. నిరోధకత లాగ్ విద్యుత్తును రాయి ఎంత అడ్డుకుంటుందో చూపుతుంది. ధ్వని లాగ్ శబ్దతరంగం రాతిలో ప్రయాణించే కాలాన్ని, క్యాలిపర్ బోరు వ్యాసాన్ని కొలుస్తాయి.

రేడియోధార్మిక మూలకం గల పరికరం బోరులో ఇరుక్కుంటే దాన్ని వెలికి తీయడమో, తీయలేకపోతే సిమెంటుతో శాశ్వతంగా మూసివేయడమో తప్పదు. అటువంటి మూలకాల వాడకం మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పరిధిలో ఉంటుంది.

4. బొగ్గు పొరను చదవడం

సాంద్రత లాగ్‌లో బొగ్గును గుర్తించడం సులభం. శుద్ధ క్వార్ట్జ్ సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.65 గ్రాములు. సచ్ఛిద్రత గల ఇసుకరాయి 2.2 నుంచి 2.5 వరకు ఉంటుంది. బొగ్గు, బూడిద శాతాన్ని బట్టి, సుమారు 1.3 నుంచి 1.8 మధ్య ఉంటుంది. గీత ఒక్కసారిగా ఎడమకు పడిపోయిన చోట బొగ్గు ఉందని కొత్తగా చూసేవారు కూడా చెప్పగలరు. పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, మధ్యలో రాతి చారలు ఎన్ని, వాటిలో ఏవి బొగ్గుతో కలిపి తవ్వాలి అన్నవి మాత్రం అంత సులభంగా తేలవు.

కోరు దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. డ్రిల్లింగ్‌లో మూడు మీటర్లు దిగితే కొన్నిసార్లు 2.4 మీటర్ల కోరే చేతికి వస్తుంది. మిగిలిన 60 సెంటీమీటర్లు ఎక్కడ పోయాయి? పెళుసుగా ఉండి పొడి అయ్యేది బొగ్గే కాబట్టి నష్టం తరచూ బొగ్గుదే అవుతుంది. కోరునే కొలిస్తే పొర మందం తక్కువగా తేలుతుంది. ఒక చదరపు కిలోమీటరులో ఒక మీటరు మందపు బొగ్గు, సాంద్రత 1.5 అనుకుంటే, 15 లక్షల టన్నులు. మందంలో 20 సెంటీమీటర్ల పొరపాటు మూడు లక్షల టన్నులతో సమానం. ఓపెన్‌కాస్ట్ గని అయితే ఎంత మట్టి తీస్తే ఎంత బొగ్గు వస్తుందన్న నిష్పత్తి ఈ అంకెల మీదే ఆధారపడుతుంది. ఆ నిష్పత్తిని బట్టే గని హద్దు, ఆ హద్దును బట్టే సేకరించే పొలాలు, ఖాళీ చేయించే ఊళ్ళు నిర్ణయమవుతాయి. బోరు గీతలోని రెండు వంకరల మధ్య దూరం ఆ విధంగా ఊరి పొలిమేర దాకా వస్తుంది.

లాగ్ కూడా మోసపోతుంది. బొగ్గుకు ఆనుకుని ఉండే మెత్తని బంకమట్టి డ్రిల్లింగ్ నీటికి కొట్టుకుపోయి బోరు గోడలో గుంట పడుతుంది. సాంద్రత పరికరం గోడకు ఆనుకోవలసింది పోయి గుంటలోని నీటిని కొలుస్తుంది. నీటి సాంద్రత 1. కాబట్టి లేని బొగ్గు ఉన్నట్టు కనిపిస్తుంది. క్యాలిపర్‌ను పక్కన పెట్టుకుని చూసినవారికే అది గుంట అని తెలుస్తుంది.

బరాకర్‌కే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ఈ ఇసుకరాళ్ళలో ఫెల్డ్‌స్పార్ గణనీయంగా ఉంటుంది. పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లోని పొటాషియం గామా కిరణాలను వెలువరిస్తుంది. ‘గామా పెరిగితే షేల్’ అన్న పాఠ్యపుస్తక సూత్రాన్ని యథాతథంగా వర్తింపజేస్తే మంచి ఇసుకరాయిని మట్టిరాయిగా లెక్కకట్టే ప్రమాదం ఉంది. బొగ్గు బోరులో ఈ పొరపాటు గని కప్పు రాతి వర్ణనను తారుమారు చేస్తుంది. గ్యాసు బావిలో దీని ఫలితం ఇంకా పెద్దది.

పొరల పేర్లు వేరొక సమస్య. బెల్లంపల్లి ప్రాంతంలో ‘రాస్’, ‘సాలార్‌జంగ్’ పేర్లతో సీములున్నాయి. ఇల్లెందు, కొత్తగూడెం వైపు ‘కింగ్’, ‘క్వీన్’ సీములు. రామగుండంలో ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అంకెలు. దొరల, దివానుల పేర్లు మోస్తున్న ఈ పొరల్లో ఏది దేనికి సమానమో పేరును బట్టి చెప్పలేము. ఒక సీము మధ్యనుండే మట్టి చారల సంఖ్య, వాటి ఎడం, వాటి గామా తీవ్రత కలిసి ఒక గుర్తుగా ఏర్పడతాయి. పక్క బోరులో అదే గుర్తు కనిపిస్తే అది అదే సీము. కనిపించవలసిన లోతులో కనిపించక పదుల మీటర్లు కిందికో పైకో జరిగితే ఆ రెండు బోర్ల మధ్య భ్రంశం ఉండే అవకాశం ఉంది. భ్రంశాలు ఎక్కువగా ఉన్న ఈ లోయలో గని నక్షా గీయడానికి ఇది అత్యవసరం. లిఖితప్రతుల పాఠపరిష్కరణలో ఒకే పద్యం వేర్వేరు ప్రతుల్లో ఏ స్థానంలో ఉందో సరిచూసే పని తెలిసినవారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

5. ఒకే గీత, రెండు అర్థాలు

ఈ లోయ శిలలు ఆగ్నేయంగా సాగి కృష్ణా–గోదావరి తీరం కింద, చిన్న వయసు అవక్షేపాల అడుగున కూరుకుపోయాయి. వీటిని ఓఎన్‌జీసీ బావులు వెలికి తెచ్చాయి. పశ్చిమ గోదావరి ప్రాంతపు కొమ్ముగూడెం బావిలో వందల మీటర్ల మందాన పెర్మియన్ బొగ్గు–షేల్ శిలలు తగిలాయి. ఆ ఊరి పేరే వాటికి పెట్టి, వాటిని బరాకర్‌తో పోల్చారు. వాటిపైన ఉన్న మండపేట ఇసుకరాళ్ళలో, రెండున్నర కిలోమీటర్లకు పైబడిన లోతులో, సహజవాయువు దొరికింది. ఆ వాయువుకు కొమ్ముగూడెం బొగ్గు–షేళ్ళే మూలమని భూవైజ్ఞానికులు భావిస్తారు. రామగుండంలో తవ్వి తీసే బొగ్గుకు సమకాలికమైన బొగ్గు అక్కడ లోతులోని వేడికి ఉడికి వాయువును విడుదల చేసిందన్నమాట.

మండపేట బావి లాగ్‌లో సాంద్రత తగ్గిన చోట ఏముంది? బొగ్గు కావచ్చు. గ్యాసుతో నిండిన ఇసుకరాయీ కావచ్చు. రెండింటి నిరోధకతా ఎక్కువే. ఇక్కడ తీర్పు చెప్పేది న్యూట్రాన్ లాగ్. బొగ్గులో హైడ్రోజన్ సమృద్ధి కాబట్టి న్యూట్రాన్ లాగ్ చాలా ఎక్కువ సచ్ఛిద్రతను చూపుతుంది. గ్యాసులో అణువులు పలుచగా ఉండి హైడ్రోజన్ తక్కువ కాబట్టి అది నిజం కంటే తక్కువ చూపుతుంది. సాంద్రత నుంచి లెక్కించిన సచ్ఛిద్రత పెరిగి, న్యూట్రాన్ సచ్ఛిద్రత తగ్గి, రెండు గీతలూ ఒకదాన్నొకటి దాటిన చోట గ్యాసు ఉందనుకుంటారు. సాంద్రత ఒక్కదానితో నిర్ణయం చేస్తే బొగ్గు పొరకు ఎదురుగా గొట్టానికి రంధ్రాలు చేసే పొరపాటు జరగవచ్చు.

సచ్ఛిద్రత లెక్కలోనే ఎంత తేడా వస్తుందో చూడవచ్చు. సాంద్రత 2.40గా నమోదైందని, రాతి రేణువుల సాంద్రత 2.65 అని అనుకుందాం. రంధ్రాల్లో నీరుంటే 0.25ను 1.65తో భాగించాలి. సచ్ఛిద్రత 15 శాతం. రంధ్రాల్లో 0.2 సాంద్రత గల గ్యాసు ఉంటే 0.25ను 2.45తో భాగించాలి. అప్పుడు అది 10 శాతమే. కొలత ఒకటే. లోపలున్నది నీరా, గ్యాసా అన్న ఊహను బట్టి నిల్వ అంచనా మూడో వంతు మారిపోతుంది.

నిరోధకత విషయం ఇంకా ఆసక్తికరం. షెల్ కంపెనీలో పనిచేసిన ఆర్చీ 1942లో ప్రచురించిన సూత్రం చమురు లాగ్ పఠనానికి నేటికీ ఆధారం. ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, చమురు, గ్యాసు ప్రసరింపనివ్వవు. కాబట్టి పూర్తిగా నీటితో నిండితే ఉండవలసిన నిరోధకతతో కొలిచిన నిరోధకతను పోల్చి, రంధ్రాల్లో నీటి వాటా ఎంతో లెక్కించవచ్చు. 20 శాతం సచ్ఛిద్రత గల మట్టి లేని ఇసుకరాయిలో, 0.1 ఓమ్–మీటరు నిరోధకత గల ఉప్పునీరు నిండితే రాయి 2.5 ఓమ్–మీటర్లు చూపాలి. కొలత 40 వస్తే నీటి వాటా 25 శాతమే, మిగిలిన 75 శాతం చమురో గ్యాసో. తీరంలో అది శుభవార్త. ఆదిలాబాద్ బోరులో అదే 40కి అటువంటి అర్థం లేదు. అక్కడి భూగర్భజలం మంచినీరు. 10 ఓమ్–మీటర్ల మంచినీటితో నిండిన అదే ఇసుకరాయి 250 ఓమ్–మీటర్ల వరకు చూపగలదు. మంచినీటి వల్లనే ఇక్కడి ఇసుకరాయికీ బొగ్గుకూ నిరోధకతలో తేడా తరచూ స్పష్టంగా ఉండదు. అందువల్ల బొగ్గు లాగింగ్‌లో సాంద్రతదే పైచేయి, చమురు లాగింగ్‌లో నిరోధకతకే పెద్దపీట.

బరాకర్‌లోని ఫెల్డ్‌స్పార్ పాఠం ఇక్కడ పనికొస్తుంది. ఇటువంటి గోండ్వానా ఇసుకరాళ్ళ గామా ఎక్కువగా ఉందని వాటిని మట్టిరాళ్ళుగా భావిస్తే, మట్టికి దిద్దుబాటు చేసి సచ్ఛిద్రతను తగ్గించి లెక్కిస్తారు. గ్యాసు ఉన్న పొరను పరీక్షించకుండానే వదిలేసే అవకాశం ఉంటుంది. థోరియంను, పొటాషియంను విడివిడిగా చూపే స్పెక్ట్రల్ గామా లాగ్, కోరు ముక్కల సూక్ష్మదర్శిని పరీక్ష ఈ అనుమానాన్ని తీరుస్తాయి. బొగ్గు అన్వేషణలో కోరు విరివిగా తీస్తారు. ఖర్చు దృష్ట్యా లోతైన గ్యాసు బావిలో కొద్ది మీటర్లే తీస్తారు. కాబట్టి ఉత్తర తెలంగాణ బొగ్గు బోర్లలో కోరుతో సరిచూసిన లాగ్‌లు, తీరంలో కోరు లేని లాగ్‌లను చదివేవారికి మంచి కొలబద్దలు కాగలవు. బొగ్గు, చమురు సంస్థలు వేర్వేరు మంత్రిత్వశాఖల కింద ఉండటం వల్ల ఈ పోలికకు దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదనిపిస్తుంది.

6. నిల్వ వేరు, ప్రవాహం వేరు

రంధ్రాల్లో ఎంత గ్యాసు ఉందో లాగ్ చెబుతుంది. అది బావిలోకి ఎంత వేగంగా పారుతుందో నేరుగా చెప్పదు. కలిసి ఉన్న రంధ్రాల గుండా ద్రవాలను, వాయువులను పారనిచ్చే గుణాన్ని పారగమ్యత అంటారు. మండపేట ఇసుకరాళ్ళలో అది తక్కువ. గ్యాసు ఉన్నా పారడానికి రాతిని అధిక పీడనంతో పగులగొట్టవలసి వస్తుంది.

ఈ తేడా ఎంత ఖరీదైనదో కాకినాడ తీరానికి ఆవల సముద్రంలోని ఒక బ్లాకు చూపింది. 2005 జూన్‌లో గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్ వేసిన కేజీ–8 బావి ఆధారంగా 20 ట్రిలియన్ ఘనపుటడుగుల గ్యాసు ఉందన్న ప్రకటన వెలువడింది. 2009 నాటి క్షేత్రాభివృద్ధి ప్రణాళికకు వచ్చేసరికి అంచనా సుమారు రెండు ట్రిలియన్లకు దిగింది. అధిక ఉష్ణోగ్రత, అధిక పీడనం, బిగుతైన రాయి అక్కడి వాస్తవాలు. ఒక బావి తన చుట్టూ కొద్ది దూరం మేరకే సాక్ష్యమిస్తుంది. మిగిలిన విస్తీర్ణమంతా భూకంపతరంగ సర్వే మీద, ఊహ మీద ఆధారపడుతుంది. బొగ్గు రంగంలో నిల్వలను రుజువైనవి, సూచితాలు, అనుమితాలు అని బోరు నుంచి దూరాన్ని బట్టి విడదీసి చెప్పే సంప్రదాయం ఉంది. సామాన్యుడికి చేరే గ్యాసు ప్రకటనల్లో అటువంటి విభజన చాలాసార్లు కనిపించదు.

7. ధ్వని లాగ్: పీడనం, కప్పు బలం

1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావిలో గ్యాసు ఎగదన్ని మండింది. ఆ మంటను అదుపు చేయడానికి రెండు నెలలకు పైగా పట్టింది. లోతులోని పీడనాన్ని ముందుగా పసిగట్టడం ఎంత అవసరమో ఆ ఘటన తరువాత డెల్టా ప్రజలకు కూడా తెలిసింది. లోతు పెరిగేకొద్దీ షేల్ బిగుసుకుని శబ్దం వేగంగా ప్రయాణించాలి. ఆ వేగం పెరగడం ఆగి వెనక్కి తగ్గితే, రంధ్రాల్లోని నీరు బయటికి పోలేక పీడనంతో చిక్కుకుందని అర్థం. కింద పొంచి ఉన్న అధిక పీడన మండలానికి ఇది హెచ్చరిక. డ్రిల్లింగ్ ద్రవం బరువును దాన్ని బట్టి పెంచుకుంటారు.

అదే ధ్వని లాగ్ పెద్దపల్లి జిల్లాలో మరో ప్రశ్నకు జవాబిస్తుంది. అడ్రియాల వంటి లాంగ్‌వాల్ గనిలో యంత్రం బొగ్గును కోసుకుంటూ ముందుకు సాగితే వెనక కప్పు రాయి తనంతట తాను కూలాలి. కూలకుండా వేలాడితే భారమంతా ఆధారస్తంభాల మీద పడి, ఒక్కసారిగా విరిగినప్పుడు ప్రమాదం. శబ్దవేగం ఎక్కువైతే రాయి గట్టిదని, తక్కువైతే బలహీనమైనదని ప్రయోగశాలలో కోరును నలిపి పొందిన బలంతో పోల్చి స్థానిక సంబంధాన్ని నిర్ణయించుకుంటారు. ఆపై కోరు తీయని బోర్లలో కూడా కప్పు బలాన్ని అంచనా వేయవచ్చు. వేరే దేశపు గనుల్లో రూపొందిన సమీకరణాన్ని బరాకర్ ఇసుకరాయికి నేరుగా తొడిగితే గామా విషయంలో జరిగిన పొరపాటే మళ్ళీ జరుగుతుంది.

8. బొగ్గులో దాగిన గ్యాసు

బొగ్గు పొరల్లోనే చిక్కుకుని ఉన్న మీథేన్‌ను వెలికితీసే విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 1997లో ప్రకటించింది. ఆ తరువాతి మూడో విడత వేలంలో ఉత్తర గోదావరి లోయకు చెందిన బ్లాకు కూడా చోటుచేసుకుంది. బొగ్గు, గ్యాసు అన్వేషణలు కలిసే చోటు ఇదే. ఇక్కడ లాగ్ చేసే పని పరిమితం. ఇసుకరాయిలో గ్యాసు రంధ్రాల్లో ఉంటుంది కాబట్టి సాంద్రత, న్యూట్రాన్ గీతలు దాన్ని పట్టుకుంటాయి. బొగ్గులో గ్యాసు ఎక్కువగా బొగ్గు ఉపరితలానికే అంటిపెట్టుకుని ఉంటుంది. గ్యాసు నిండిన బొగ్గుకూ, గ్యాసు పోయిన బొగ్గుకూ లాగ్‌లో గుర్తించదగిన తేడా దాదాపుగా ఉండదు. సింగరేణి భూగర్భ గనుల్లో ఎక్కువ భాగం గ్యాసు తీవ్రత దృష్ట్యా మొదటి, అంటే అతి తక్కువ తరగతికి చెందినవి. ఆ విషయం లాగ్ వల్ల తెలిసింది కాదు, గని గాలిని కొలవడం వల్ల తెలిసింది. లోతైన పొరల్లో పరిస్థితి వేరుగా ఉండవచ్చు. పొర మందం, బూడిద, లోతు, పగుళ్ళ జాడ లాగ్ నుంచి వస్తాయి. గ్యాసు ఎంతో తెలియాలంటే మాత్రం కోరును బోరు నుంచి తీసిన వెంటనే గాలి చొరని డబ్బాలో మూసి, రోజుల తరబడి దాని నుంచి విడుదలయ్యే వాయువును కొలవవలసిందే.